జాబితాలో లేని సంతకం

ఆ రోజు పొద్దున పదిన్నరకు నేను ఒక వరుస ముందు రెండు ఏటవాలు గీతలు పెట్టాను. నేను చేసిన తప్పు అదే. ప్రోగ్రాములు రాసేవాళ్లకు ఆ రెండు గీతల సంగతి తెలుసు. ఏ వరుస ముందు అవి పడతాయో ఆ వరుస అక్కడే ఉంటుంది, కానీ పని మానేస్తుంది. కాపలావాణ్ణి కుర్చీలోనే కూర్చోబెట్టి కళ్లకు గంతలు కట్టినట్టు.

గీతలు పెట్టడం చిన్న తప్పు. వాటిని తీయకుండా వదిలేయడం పెద్ద తప్పు. ఎందుకు తీయలేదని అడిగినప్పుడు "మరిచిపోయాను" అని చెప్పడం అన్నిటికన్నా పెద్దది. ఈ మూడూ నావే. వీటిలో ఒక్కటి కూడా ఇంకొకరి నెత్తిన రుద్దడానికి ఇది రాయడం లేదు. అయితే ఒక మాట ముందే చెబుతాను. ఆ వరుస రాసినందుకు నాకు పశ్చాత్తాపం లేదు. దాన్ని ఇప్పటికీ మార్చలేదు, మార్చను.

ఉదయగిరి, సీతారామపురం మెట్టల్లో ఎండలు ముదిరేసరికి చెరువులు నెర్రెలు విచ్చుతాయి. గొర్రెల మందలు అనంతసాగరం వైపు, సోమశిల నీళ్ల దిక్కుకు దిగుతాయి. ఆ నీళ్ల అంచున కాపరుల సంఘానికి ఒక పెద్ద దొడ్డి ఉంది. చుట్టూ కంచె, లోపల రేకుల కొట్టాలు, సిమెంటు తొట్లు, ముందు ఒక ఇనుప గేటు. అన్ని ఊళ్ల మందలూ ఆ తొట్లలోనే మూతులు పెడతాయి కాబట్టి సంఘం ఒక కట్టుబాటు పెట్టుకుంది. పారుడు రోగానికి టీకా వేయించినట్టు పశువుల డాక్టరు సర్టిఫికెట్ ఉంటేనే గేటు తీస్తారు. ఆ రోగం తగిలిన గొర్రెకు ముక్కులు కారతాయి, నోరు పూస్తుంది, తర్వాత కడుపు జారిపోతుంది. పిల్లలైతే నిలవవు.

మొదట్లో సర్టిఫికెట్లు కాగితాల మీద ఉండేవి. రబ్బరు స్టాంపు ఎవడైనా చేయించుకోగలడని తేలాక సంఘం అధ్యక్షుడు నా దగ్గరికి వచ్చాడు. వాడూ నేనూ ఆత్మకూరు హైస్కూల్లో ఒకే బెంచీ. నేను చాలా ఏళ్లు బెంగళూరులో ప్రోగ్రాములు రాసి, తిరిగొచ్చి, ఆత్మకూరు బస్టాండు దగ్గర ఒక మేడగదిలో కూర్చుని చిన్నచిన్న పనులు చేసుకుంటున్నాను. "ఎవడూ దొంగ స్టాంపు వెయ్యకుండా ఏదన్నా చెయ్యిరా" అన్నాడు. చేశాను.

పద్ధతి ఇది. డాక్టరు తన కంప్యూటర్లో మంద యజమాని పేరు, గొర్రెలు ఎన్ని, టీకా ఎప్పుడు వేశాడు అన్నవి నింపుతాడు. అది ఎక్స్‌ఎంఎల్ ఫైలుగా తయారవుతుంది. ప్రతి మాటకూ ముందూ వెనకా అదేమిటో చెప్పే చీటీ అంటించిన కాగితం లాంటిది. దాని మీద డాక్టరు డిజిటల్ సంతకం పడుతుంది. ఫైలు కాపరి ఫోనులోకి వెళుతుంది. గేటు దగ్గరి ఫోను దాన్ని చదివి పచ్చగానో ఎర్రగానో వెలుగుతుంది.

ఇక్కడే నా మొదటి గర్వం ఉంది. ఎక్స్‌ఎంఎల్ సంతకంలో ఒక వింత ఉంది. తనను ఏ పద్ధతిలో పరీక్షించాలో ఆ సంతకమే రాసి తెస్తుంది. ఫలానా లెక్కతో నన్ను చూడు, ఫలానా రకం తాళంతో చూడు అని ఫైలులోనే ఉంటుంది. తాళమంటే ఇక్కడ ఒక పొడుగాటి అంకె. ఆ పద్ధతులు చాలా ఉన్నాయి. కొత్తవి, పాతవి, పనికిమాలినవి. నేను రాసిన మొదటి ప్రోగ్రాము అది ఏ పద్ధతి చెబితే ఆ పద్ధతికి తలూపేది. ఎవరు ఏ కంప్యూటరుతో సంతకం చేసినా నా ప్రోగ్రాము అర్థం చేసుకుంటుందని అందరికీ గొప్పగా చెప్పుకున్నాను. దొంగను పట్టుకోవడానికి దొంగ చెప్పిన దారిలోనే వెళ్లే పోలీసును తయారుచేశానని నాకు రెండేళ్లు తట్టలేదు.

తట్టాక సిగ్గేసింది. మొదట చెడ్డ పద్ధతుల జాబితా ఒకటి రాసి అవి రాకూడదన్నాను. రాస్తూ పోతే అది తెగడం లేదు. నాకు తెలిసిన చెడ్డవి కొన్నే, తెలియనివి ఎన్నో. అప్పుడు దాన్ని చింపేసి తిరగేశాను. రానిచ్చేవి మాత్రమే రాశాను. సంతకానికి రెండు పద్ధతులు. లోపలి మాటల సారం తీసే లెక్కకు ఒకటే, షా 256. ఫైలులోని ఖాళీలూ వరుసలూ సరిచేసి చదవడానికి ఒకటే. తాళం ఎప్పుడూ మా దగ్గరున్న డాక్టర్ల జాబితాలోంచే తీసుకోవాలి, ఫైలు వెంట తెచ్చుకున్న తాళం చెల్లదు. ఇక దేనికైనా ఎర్ర దీపమే. మొత్తం జాబితా ఒక అరచేతిలో పడుతుంది. దాన్ని అడిగేది ఒకే ఒక్క వరుస. ఆ తర్వాత నేను గీతలు పెట్టిన వరుస అదే.

ఎండాకాలం మొదట్లో ఒక సోమవారం దాన్ని అమల్లోకి తెచ్చాను. డాక్టర్లందరికీ ఒక ఈమెయిలు పంపాను, ఇంగ్లీషులో. ఉదయగిరి డాక్టరు రిటైరై సొంతంగా చూసుకునే పెద్దాయన. ఆయన ఈమెయిలు చూడడని నాకు తెలుసు. తెలిసీ పంపి, చెప్పాల్సింది చెప్పేశాననుకున్నాను. ఉదయగిరి ఆత్మకూరుకు ఎంత దూరం? బస్సెక్కి వెళ్లి ఆయన బల్ల ముందు కూర్చుని ఒక గంటలో సరిచేసి రావచ్చు. బద్ధకించాను.

ఆ గురువారం పొద్దున గేటు మనిషి ఫోను చేశాడు. అతనిది అనంతసాగరం. పదేళ్లు షేర్ ఆటో నడిపి, నడుము పోయి, ఈ కుర్చీలో కూర్చున్నాడు.

"సార్, అవ్వ మంద వచ్చినాది. ఎర్ర పడతా ఉండాది."

"ఇంకోసారి చూడు."

"నాలుగుసార్లు చూసినాను సార్. ఫోను ఆపి ఏసినాను. అద్దం తుడిచి గూడా చూసినాను."

అవ్వ అంటే ఆ చుట్టుపక్కల ఒక్కరే. సీతారామపురం అవతలి పల్లెలో ఉండే డెబ్భై ఏళ్ల మనిషి. పుట్టిన దగ్గర్నుంచి గొర్రెల వెనకే నడిచింది. నూటికి పైగా గొర్రెలు, పద్నాలుగు చిన్న గొర్రెపిల్లలు, ఆమె, ఆమె తమ్ముడు. నాలుగు రోజులు నడిచి గేటు దగ్గరికి చేరారు. నేను ఆమె ఫైలు తెప్పించుకుని తెరిచాను. ఉదయగిరి డాక్టరు సంతకం, నిజమైనదే. కానీ ఆయన పాత కంప్యూటరు ఇంకా షా 1 అనే పాత లెక్కతోనే సంతకం చేస్తోంది. అది నా జాబితాలో లేదు. ఆ లెక్కలో ఒక లోపం ఉంది. వేరువేరు మాటలున్న రెండు కాగితాలకు ఒకే సారం వచ్చేలా చేయడం కుదురుతుందని ఎప్పుడో తేలిపోయింది. ఒక కాగితానికి వేసిన సంతకం ఇంకోదానికి అతుకుతుంది.

అంతలో అధ్యక్షుడి ఫోను.

"ఏందిరా నీ సోది? గొర్రెలు కంచెలో మూతులు పెట్టి నీళ్ల వాసన చూస్తా ఉండాయి. అవ్వ ఎండలో నిలబడి ఉండాది. తియ్యి."

"అది పాత పద్ధతి సంతకంరా. నిన్నగాక మొన్నే ఆపినాను."

"ఉదయగిరి డాక్టరు దొంగా?"

"కాదు."

"అవ్వ దొంగా?"

"కాదు."

"మరి ఇంక దొంగ ఎవురురా? నువ్వా?"

నేను ఆ ఫైలునే మళ్లీ పైనుంచి చదవడం మొదలుపెట్టాను. వాడు ఆగలేదు.

"మీ నాయనా ఇంతే. విత్తనాల గోతం మూతికి కుట్టు మారినట్టు కనపడితే చాలు, కల్తీ అని బండిని బజారు నడిమధ్య నిలబెట్టి ఊరంతటికీ పంచాయితీ పెట్టేవాడు. నీకూ అదే వచ్చింది. పది నిమిషాల్లో పచ్చ పడాల. లేకుంటే నీ ఫోను తీసి తొట్లో ఏస్తా."

నిజానికి నాకు వేరే దారి ఉంది. ఆ ఒక్క డాక్టరుకు, ఆ ఒక్క ఫైలుకు, ఆ ఒక్క రోజుకు మినహాయింపు అని రాయొచ్చు. డాక్టరుకు ఫోను చేసి నోటితో నిర్ధారించుకుని ఆ మందను చేత్తో రానివ్వచ్చు. అరగంట పని. కానీ నాకు కోపం వచ్చింది. మా నాయన పేరెత్తినందుకు, అంతకన్నా ఎక్కువగా, నేను ఓడిపోయినందుకు. మొత్తం జాబితాను అడిగే వరుస ముందు రెండు గీతలు పెట్టి గేటు ఫోనుకు పంపేశాను. అవ్వ మందకు పచ్చ పడింది. గేటు మనిషి "పడింది సార్, పడింది" అని సంబరపడ్డాడు.

వెంటనే గీతలు తీసేయాలి. వేలు అక్కడే ఉంది. తీయలేదు. వీళ్లకు కావాల్సింది కాపలా లేని గేటే కదా, ఈ పూట అట్టాగే ఉండనీ, తెలిసొస్తుంది అనుకున్నాను. ఈ వాక్యం ఇక్కడ రాయడానికి నాకు చాలా రోజులు పట్టింది. మనిషన్నవాడు మరిచిపోతాడు, దానికి క్షమాపణ ఉంది. నేను మరిచిపోలేదు. ఏదో ఒకటి జరిగితే బాగుండుననే కోరికతో తలుపు తెరిచిపెట్టి, బండి తీసి, ఏ.ఎస్.పేటలో దర్గా దగ్గర ఒక అంగడిలో ప్రింటరు పాడైందంటే బాగుచేయడానికి వెళ్లిపోయాను. అక్కడే భోంచేశాను. టీ తాగాను. ఒకసారి కాదు, రెండుసార్లు.

నాలుగు గంటలకు మేడ ఎక్కి కంప్యూటరు ముందు కూర్చుంటే, పచ్చ పడిన ఫైళ్లు రెండు కనిపించాయి. ఒకటి అవ్వది. రెండోది మధ్యాహ్నం పన్నెండున్నరకు. ఒక గొర్రెల వ్యాపారిది, అరవై గొర్రెలు. ఆ ఫైలు చూడగానే గుర్తుపట్టాను. మంగళవారం వచ్చింది, ఎర్ర. బుధవారం రెండుసార్లు వచ్చింది, ఎర్ర, ఎర్ర. మూడు రోజులుగా అదే ఫైలు అదే తలుపు కొడుతూ ఉంది. గురువారం తీశాను.

దాన్ని విప్పి చూశాను. సంతకాల్లో రెండు జాతులున్నాయి. ఒక జాతిలో సంతకం చేసే తాళం డాక్టరు దగ్గరే గుట్టుగా ఉంటుంది. దాన్ని సరిచూసే తాళం వేరు. అది అందరికీ ఇస్తాం, సంఘం నోటీసు బోర్డు మీద కూడా అంటించి ఉంది. రెండో జాతిలో సంతకం చేయడానికీ సరిచూడటానికీ ఒకటే రహస్యం, అది ఇద్దరికే తెలియాలి. ఈ ఫైలు చేసినవాడు తెలివైనవాడు. 'నాది రెండో జాతి సంతకం, నన్ను అట్టాగే చూడు' అని ఫైలులో రాశాడు. నా ప్రోగ్రాము బుద్ధిగా సరేనని, ఉదయగిరి డాక్టరు పేరు మీద ఉన్న తాళం తీసి, దాన్నే రహస్యం అనుకుని సరిచూసింది. అది నోటీసు బోర్డు మీద ఉన్న తాళం! వాడూ దాంతోనే సంతకం చేశాడు. రెండూ కలిశాయి. పచ్చ. జాబితా మేలుకుని ఉండి ఉంటే ఆ జాతి పేరు చూడగానే మొహం మీద తలుపు వేసేది, మూడుసార్లు వేసినట్టే.

గీతలు తీసేశాను. డాక్టరుకు ఫోను చేస్తే, ఆ వ్యాపారి పేరే తను వినలేదన్నాడు. గేటుకు ఫోను చేశాను.

"పన్నెండున్నరకు వచ్చిన మంద యాడుండాది?"

"పెద్ద తొట్టి కాడే సార్. అవ్వ మంద పక్కనే."

"ఎట్టా ఉండాయి గొర్రెలు?"

"ముక్కులు కారతా ఉండాయి సార్. నాకు అప్పుడే అనుమానం వచ్చినాది. అయినా మీ ఫోను పచ్చగా ఎలిగిందిగా. నా కళ్లు నమ్మాలా, మీ దీపం నమ్మాలా?"

ఫోనును నమ్మమని అతనికి నేర్పింది నేనే.

ఎండ ఇంకా చల్లబడకముందే అక్కడికి చేరాను. వ్యాపారి మందను అప్పటికే దూరంగా చివరి కొట్టంలోకి తోలించారు. వ్యాపారి ఎటో జారుకున్నాడు. అవ్వ తొట్టి గట్టు మీద కూర్చుని ఒక పిల్లను ఒళ్లో పెట్టుకుని దాని నోట్లోకి చూస్తోంది. ఆమె పెద్ద గొర్రెలకు నిజంగానే టీకా పడింది కాబట్టి వాటికి భయం లేదు. ఆ పద్నాలుగు పిల్లలకు ఇంకా టీకా వయసు రాలేదు. ఆ మధ్యాహ్నమంతా అవి ఆ గొర్రెలతో ఒకే తొట్టిలో నీళ్లు తాగాయి.

"నాయనా, ఆ మందను గేటు ఎట్టా రానిచ్చినాది?" అంది.

"నాదే తప్పు అవ్వా. నీ కోసం తెరిచి, మూసేది మరిచిపోయినాను."

చూడండి, ఆ మాటలోనే ఎంత కుట్ర ఉందో. తప్పు నాదంటూనే "నీ కోసం" అన్నాను. "మరిచిపోయినాను" అన్నాను.

"ఏం తెరిచినావు? నాకు అర్థమయ్యేటట్టు చెప్పు."

చెప్పాను. ప్రతి సర్టిఫికెట్టూ తనను ఎట్టా చూడాలో తనే చెబుతుందనీ, దాని మాట వినకుండా మన జాబితా ప్రకారమే చూడాలనీ, ఆ పూట విన్నామనీ.

ఆమె పిల్లను పక్కన దించి, దాని చెవిని అరచేతిలో మూసింది. "మా కాడ గొర్రె తప్పిపోయి వేరే మందలో కలిస్తే ఏం చేస్తాం? నాది అని ఒకడు వస్తాడు. పెద్దమనిషి ఆ గొర్రె చెవిని ఇట్టా మూస్తాడు. ఇప్పుడు చెప్పురా నీ గుర్తు అంటాడు. వాడు చెప్పినాకనే చెయ్యి తీస్తాడు. చెవి ముందే చూపిస్తే, చూసినోడల్లా అదే నా గుర్తు అంటాడు గదా."

మా మెట్టల్లో పుట్టిన ప్రతి గొర్రెపిల్లకూ చెవి మీద ఇంటి గుర్తు కోస్తారు. ఒక ఇంటిది చెవి కింద అంచున గాటు, ఒక ఇంటిది పైన రెండు గాట్లు. ఏ ఇంటిది ఏదో ఇట్లాంటి పెద్దల నోట్లో ఉంటుంది. అవ్వ కూడా అట్లా చెవి మూసే పెద్దల్లో ఒకరు.

"ఇంకోటి. చెవి కొసన ఒక్క గాటు మాత్రం ఎవుర్నీ పెట్టుకోనియ్యం. మా తాత కాలంలో పెట్టుకునేవాళ్లంట. దాని పక్కన ఇంకో గాటు ఏస్తే ఇంకొకరి గుర్తు అయిపోతా ఉండాదని ఆపేసినారు. అప్పుటికే ఆ గుర్తు ఉండే ఇళ్లవాళ్లు శానా గొడవ చేసినారంట. మా గుర్తే తప్పా, మేం దొంగలమా అని."

"అయినా ఆపినారా?"

"ఆపినారు. ఊరికే ఆపలా. ఆ ఇళ్లకు పెద్దోళ్లే పొయ్యి, కత్తి పట్టుకోని, కొత్త గుర్తు వాళ్లే కోసి ఇచ్చొచ్చినారు." అని నా మొహంలోకి చూసింది. "నువ్వు పొయ్యినావా ఉదయగిరికి?"

"ఉత్తరం పంపినాను అవ్వా" అన్నాను. ఆమెకు అర్థమైంది. పిల్లను ఎత్తుకుని కొట్టంలోకి వెళ్లిపోయింది.

వారం తిరక్కుండానే పిల్లల ముక్కులు కారడం మొదలైంది. నేను రోజూ వెళ్లాను. వెళ్లడంలో గొప్ప ఏమీ లేదు, ఇంట్లో కూర్చోలేక వెళ్లాను. ఉప్పు నీళ్లతో నోళ్లు కడిగాను, డాక్టరు ఇచ్చిన మందు సిరంజిలో పట్టి పెదవుల పక్క నుంచి పోశాను. అవ్వ నాతో మాట్లాడేది కాదు. "అట్టా కాదు, తల మరీ పైకెత్తొద్దు, ఊపిరి తిరక్కుండా పోతాది" అని ఒక్కసారి అంది. పద్నాలుగింటిలో ఆరు పోయాయి. ఆరోది నా చేతుల్లో పోయింది. దాని చెవి మీద గుర్తు ఇంకా పచ్చిగానే ఉంది.

అది పోయిన తర్వాతి ఆదివారం రేకుల కొట్టం కింద సంఘం కూర్చుంది. నలభై మంది దాకా వచ్చారు. అధ్యక్షుడు నన్ను కాపాడాలనే చూశాడు. ఆ మాట ఒప్పుకోవాలి.

"వీడు ఆ పొద్దు మరిచిపోయినాడు. మనిషి గదా. నేనే తొందర పెట్టినాను. అసలు ఇంత కట్టుబాటు మనకెందుకు? ఇదేమన్నా బ్యాంకా? గొర్రెల దొడ్డి. పాతదీ కొత్తదీ అన్నీ రానిచ్చేటట్టు చెయ్యమందాం, ముక్కు కారే గొర్రెను గేటు కాడ మనిషి చూసుకుంటాడు. అయిపోతాది."

చాలామంది తలలూపారు. వెనక నుంచి ఎవరో "ఆ ఫోను అమ్మి ఒక కుక్కను కొందాం, మేలు" అంటే నవ్వారు.

నేను లేచాను. "నేను మరిచిపోలా" అన్నాను.

నవ్వు ఆగింది.

"కోపంతో వదిలేసినాను. మీరు నా మాట వినలేదని. ఏదన్నా జరిగితే అప్పుడు తెలిసొస్తాదిలే అనుకొని, కావాలనే మూయకుండా పోయినాను. అవ్వకు గూడా అబద్ధం చెప్పినాను. ఉదయగిరి డాక్టరుకు ముందే పోయి చెప్పుండాల్సింది, బద్ధకించినాను. ఆ ఆరు పిల్లలు నా వల్ల పోయినాయి."

అధ్యక్షుడు తల వంచుకుని "నోరు మూసుకోని కూర్చోరా" అన్నాడు మెల్లగా. నన్ను కాపాడటానికి అన్న మాటే అది. నేను కూర్చోలేదు.

"ఇంకో మాట. జాబితా మాత్రం తియ్యను. అది మేలుకోని ఉండేటప్పుడు మూడుసార్లు ఆ దొంగ ఫైలును ఆపింది. దాన్ని నిద్రపుచ్చింది నేను. తప్పు చేసింది నేనైతే మీరు జాబితాను ఎందుకు కొడతారు? ఇది బ్యాంకు కాదు, నిజమే. బ్యాంకులో దొంగ సంతకం పడితే కాగితం పోతాది, ఇక్కడ పిల్లలు సచ్చిపోతాయి. గొర్రెల దొడ్డికి ఏదో ఒకటి చాలు అనే మాట ఇంకొకరెవురన్నా అంటే కొట్లాటకు పోతాం, మనకు మనమే ఎట్టా అనుకుంటాం? పాత పద్ధతి రానిచ్చేటట్టయితే నన్ను తీసేసి ఇంకొకర్ని పెట్టుకోండి. నా చేత్తో తెరవను."

"పొగరు చూడు!" అన్నారెవరో. "ఆరు పిల్లల్ని సంపి మళ్లా మాటలు."

ఆ మాట నిజమే. నేను తల వంచుకోలేదు. వంచుకుంటే జాబితా కూడా వంగుతుందని భయం.

అవ్వ అప్పటిదాకా కొట్టం స్తంభానికి ఆనుకుని కూర్చుంది. "వాడు చెప్పేది సరే" అంది. అందరూ అటు తిరిగారు. "చెవి మూసే చెయ్యి ఉండాల్సిందే. కానీ ఆ చెయ్యి కోపం వచ్చినప్పుడు తెరుచుకోకూడదు. ఒక్కడి చెయ్యి కాకూడదు." నా వైపు చూసింది. "ఇంకోటి అడుగుతా. ఎర్ర పడినోళ్లం యాడ నిలబడాల? నా మంద ఆ పొద్దు రెండు గంటలు ఎండలో నిలబడి ఉండాది. లోపల నీళ్లు కనపడతా ఉండాయి. ఎవురికైనా కడుపు రగులుద్ది. నీ స్నేహితుడికీ అదే రగిలినాది. బయట ఒక్క కుండ నీళ్లన్నా పెట్టినావా నువ్వు?"

పెట్టలేదు. ఏ పద్ధతిని రానివ్వాలో, ఏది కూడదో నెలల తరబడి ఆలోచించాను. కూడదన్న తర్వాత ఆ మనిషి ఎక్కడ నిలబడాలో ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. నా జాబితాలో ఉన్న లోపం అదొక్కటే, అది కంప్యూటరులో లేదు. తెరువు తెరువు అని జనం ఎందుకు మీద పడతారో అప్పుడు తెలిసింది. వాళ్లకు దొంగ సంతకాల మీద ప్రేమ లేదు. దాహం.

మర్నాడు పొద్దున మొదటి బస్సుకు ఉదయగిరి వెళ్లాను. డాక్టరుగారి గదిలో ఆయన పాత కంప్యూటరు ముందు కూర్చుని, సంతకం పెట్టే ప్రోగ్రామును మార్చాను, ఆయన తాళం దాచి ఉండే చిన్న పుల్లను, డాంగిల్‌ను, కొత్త లెక్కకు పెట్టాను. ఆయన నా భుజం మీదుగా చూస్తూ "ఈ ముక్క చెప్పేదానికి ఇంగ్లీషులో ఉత్తరం రాసినావంట గదా, నేనేమన్నా దొరనా?" అన్నాడు. క్షమించమన్నాను. ఆ ఎండాకాలానికి ఆయన ఇచ్చిన ప్రతి సర్టిఫికెట్టునూ ఆయన రిజిస్టరు పక్కన పెట్టుకుని ఒక్కొక్కటే సరిచూసి మళ్లీ సంతకం పెట్టించాను. మూడు రోజులు పట్టింది. ఫోనుకు పంపి ఊరుకోలేదు. సీతారామపురం దాకా బండి మీద తిరిగి, మంద మందకూ వెళ్లి, వాళ్ల చేతిలో పెట్టి, పచ్చ పడడం వాళ్ల కళ్లతో చూసేదాకా ఆగాను. కొందరు తిట్టారు, మజ్జిగ ఇచ్చి మరీ తిట్టారు.

ఆ వరుసను ఇప్పుడు నేనొక్కణ్ణి మార్చలేను. మార్చాలంటే సంఘంలో ఇంకో ఇద్దరు ఒప్పుకోవాలి, వాళ్లలో ఒకరు అవ్వ. జాబితాను తెలుగులో రాసి ఆమెకు చదివి వినిపించాను. ఒక్కో పద్ధతికీ ఆమె అడిగింది ఒకటే ప్రశ్న, "దీని మీద ఇంకో గాటు పడుద్దా?" ఇప్పటికైతే పడదని చెప్పాను. పడుతుందని తెలిసిన రోజు నేనే వచ్చి చెబుతానని మాటిచ్చాను. గేటు మనిషికి కూడా ఒక మీట పెట్టాను. పచ్చ పడినా తన కళ్లకు అనుమానం వస్తే దాన్ని నొక్కి మందను నిలబెట్టవచ్చు. పచ్చను ఎర్ర చేయగలడు, ఎర్రను పచ్చ చేయలేడు.

మిగతా పని చేతులతో చేసేది. గేటు బయట, దారికి కుడి పక్క, దొడ్డి నీళ్లతో కలవకుండా విడిగా రెండు తొట్లు కట్టాలనుకున్నాను. ఒకదాని నీళ్లు ఇంకోదానిలోకి పోకూడదు, రెండు ఎర్ర మందలు వస్తే వేరువేరుగా నిలబడాలి. మేస్త్రీని పెట్టుకున్నాను, ఇటుకలు నేనే మోశాను. అధ్యక్షుడు రెండో రోజు లుంగీ ఎగ్గట్టుకుని వచ్చి పార తీసుకున్నాడు. "మీ నాయన బండిని నిలబెట్టేవాడు గానీ, ఎద్దులకు నీళ్లు పెట్టేవాడురా" అన్నాడు. అది నాకు గుర్తులేదు. గుర్తుండి ఉంటే అంత దూరం వచ్చేది కాదేమో. పైన రేకులు వేశాం. సిమెంటు ఆరాక కొత్త తొట్లలోకి మొదటి నీళ్లు నేనే పట్టాను.

పది రోజుల తర్వాత ఒక మందకు ఎర్ర పడింది. నేను అక్కడే ఉన్నాను. కాపరి గేటు పట్టుకుని ఊపుతూ "ఏందబ్బా ఇది, తియ్యండి" అన్నాడు. తీయలేదు. నీడలోకి రమ్మని తొట్టి చూపించాను. గొర్రెలు మూతులు పెట్టాయి. నేను అతని ఫైలు పట్టుకుని, బండి తీసి, అతని డాక్టరు ఊరి దారి పట్టాను.